పోయిన మిత్రుడి రిఫ్‌తో రాక్ పాట: తిరుపతిలో మేము చేసిన తీరు

స్నేహితుడి గుర్తుగా పాట కట్టాలనుకుంటే ముందు వాడి ఫోన్ భద్రం చేయాలి. పల్లవి, ట్యూను, గిటార్ అన్నీ తర్వాత. మా బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించినవాడు పోయాక వాడి సంగీతం మాకు దొరికింది మూడు చోట్ల: వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, ఫోన్ రికార్డర్‌లో పేరు కూడా పెట్టని ముక్కలు, ప్రాక్టీసుల్లో ఎవరో ఒకరు తీసిన వీడియోలు. ఇవి చూస్తుండగానే మాయమైపోతాయి. ప్రీపెయిడ్ నంబర్‌ని మూడు నెలలు వాడకపోతే కంపెనీ రద్దు చేసి, కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. వాట్సాప్ ఖాతా 120 రోజులు తెరవకుండా ఉంటే తీసేస్తారు. దినాలు, కర్మలు, వచ్చేపోయే బంధువుల మధ్య ఇంట్లోవాళ్లకు ఇదంతా ఎక్కడ గుర్తుంటుంది? ఆ పని స్నేహితులదే. నంబర్‌కు చిన్న రీఛార్జి వేయించాలి. ఫోన్‌ని తమ్ముడికో చెల్లెలికో ఇచ్చే ముందు రీసెట్ చేయొద్దని చెప్పాలి. వాళ్లమ్మనో నాయననో అడిగి, వాళ్ల ముందే కేబుల్ పెట్టి ఫైళ్లు తీసుకోవాలి.

ఒక ఫోన్‌లో ప్లే చేస్తూ ఇంకో ఫోన్‌తో రికార్డు చేయడం మాత్రం వద్దు. చాలామంది అదే చేస్తారు. అలా చేస్తే ఒక గది మోత మీద ఇంకో గది మోత చేరుతుంది, అది ఎప్పటికీ పోదు. అసలు ఫైల్‌నే కాపీ చేయాలి. వాయిస్ మెసేజ్ ఓపస్ ఫార్మాట్‌లో, మోనోలో, బాగా కుదించి ఉంటుంది. దాన్ని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైల్‌గా మార్చుకుని పని మొదలుపెట్టాలి. మార్చినంత మాత్రాన నాణ్యత పెరగదు. ఇక మీదట తగ్గకుండా ఉంటుంది, అంతే. అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా రెండు వేర్వేరు డిస్కుల్లో దాచాలి.

మేము పాటకు పునాదిగా తీసుకున్నది అకౌస్టిక్ గిటార్ మీద వాడు వాయించిన 8 బార్ల (తాళం ఆవర్తాల) రిఫ్, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్క. వెనక ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, మధ్యలో వీధిలో ఒక బండి హారన్ కొడుతుంది. దీన్ని విని నేర్చుకుని, స్టూడియోలో కొత్తగా శుభ్రంగా వాయించేయొచ్చు కదా అని ఎవరైనా అంటారు. అలా చేస్తే అది మన పాటవుతుంది, వాడు అందులో ఉండడు. అందుకే మొదటి నుంచి ఒకే నియమం పెట్టుకున్నాం: శ్రుతి, వేగం, పాట కొలత అన్నీ వాడి రికార్డింగ్‌ను బట్టి ఉండాలి, దాన్ని మాత్రం దేనికోసమూ మార్చకూడదు. ఇందులో ఉన్న కష్టమంతా ఈ నియమం నుంచి వచ్చిందే, ఫలితం కూడా దాని నుంచే.

మొదటి చిక్కు శ్రుతి. ఇంట్లో ఒంటరిగా వాయించేవాళ్లు ట్యూనర్ పెట్టుకోరు. ఒక తీగను బట్టి మిగతావి సరిచేసుకుంటారు. తీగల మధ్య లెక్క కుదురుతుంది కానీ గిటార్ మొత్తం కాస్త దిగి ఉంటుంది. రిఫ్‌లో ఎక్కువసేపు మోగే స్వరాలను ఒక్కొక్కటిగా కత్తిరించి ట్యూనర్‌కు వినిపిస్తే, అన్నీ దాదాపు 20 సెంట్లు కింద ఉన్నాయని తేలింది. సెంటు అంటే సెమిటోన్‌లో నూరో వంతు. 20 సెంట్లు చిన్న తేడాలాగే కనిపిస్తుంది. కానీ మామూలు శ్రుతిలో ఉన్న గిటార్‌ని దాని పక్కన మోగిస్తే రెండూ పొట్లాడుకుంటున్నట్టు అలలు అలలుగా వినిపిస్తుంది. డిస్టార్షన్ (గిటార్ మోతను గరగరలాడించే ఎఫెక్ట్) పెడితే ఆ అలలు ఇంకా పెద్దవవుతాయి.

సాఫ్ట్‌వేర్‌తో వాడి రికార్డింగ్‌నే 20 సెంట్లు పైకి లేపడం రెండు నిమిషాల పని. మేము చేయలేదు. కుదించిన ఫోన్ ఆడియోను పిచ్ మారిస్తే తీగను మీటిన ఆ మొదటి చప్పుడు చెదిరి, మెత్తగా బురదగా అవుతుంది. బదులుగా మా వాయిద్యాలనే దించాం. లెక్క ఇది: 'ఏ' (A) అనే స్వరం మామూలుగా 440 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, 20 సెంట్లు దిగితే దాదాపు 435 దగ్గరికి వస్తుంది. ట్యూనర్‌లో రిఫరెన్స్‌ని 440 నుంచి 435కు మార్చి, అందరూ దానికే శ్రుతి చేసుకోవాలి. కీబోర్డుకు మాస్టర్ ట్యూన్‌లో మైనస్ 20 సెంట్లు. ప్రాక్టీసుకు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరి ట్యూనర్ 440కి తిరిగి వెళ్లిపోయి ఉంటుంది. క్లిప్ ట్యూనర్లు కొన్ని బ్యాటరీ మార్చగానే సెట్టింగ్ మర్చిపోతాయి. ఏదో తేడాగా ఉందని అనిపిస్తే ముందు అదే చూడాలి.

రిఫ్ డ్రాప్ డి లో ఉంది. అంటే అన్నిటికంటే లావు తీగను 'ఈ' (E) స్వరం నుంచి 'డి' (D) కి దించి వాయించాడు. దానికి తోడు 435 రిఫరెన్స్ కాబట్టి ఆ తీగ దాదాపు 72.6 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు మామూలుగా వేసే 10-46 సెట్‌తో (ఈ అంకెలు అన్నిటికంటే సన్న, లావు తీగల మందం) ఆ తీగ వదులైపోయి, గట్టిగా మీటినప్పుడు మొదటి క్షణం స్వరం పైకి లేచి తర్వాత దిగుతుంది. 10-52 సెట్ వేస్తే నిలబడుతుంది. తీగల మందం మారిస్తే ఇంటొనేషన్ (మెడ మీద ఎక్కడ నొక్కినా శ్రుతి సరిపోవడం) కూడా మళ్లీ చూడాలి. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్, అదే ఫ్రెట్ నొక్కి వాయించిన స్వరం రెండూ ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే బ్రిడ్జి మీద శాడిల్‌ని మెడకు దూరంగా జరపాలి, తక్కువగా ఉంటే దగ్గరికి.

రెండో చిక్కు వేగం. చెవిలో తాళం చెప్పే క్లిక్ లేకుండా వాయించినది కాబట్టి రిఫ్ నిమిషానికి 74 నుంచి 79 బీట్ల మధ్య ఊగుతుంది. మూడో బార్‌లో కాస్త ఉరుకుతాడు, ఏడో బార్‌లో తీగ మార్చేచోట నెమ్మదిస్తాడు. ఆ ఊపే వాడి చెయ్యి. దాన్ని సాఫ్ట్‌వేర్‌లోని సమాన గీతలకు (గ్రిడ్‌కు) సర్దేస్తే ఇక మిగిలేది ఏముంది? రీపర్‌లాంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి బార్ మొదటి దెబ్బ దగ్గర ఒక టెంపో మార్కర్ పెడితే, క్లిక్కే వాడి వెంట నడుస్తుంది. ఆ 8 బార్లు అయ్యాక ఒక బార్ వ్యవధిలో మెల్లగా 76 దగ్గర స్థిరపరిచాం. డ్రమ్మర్‌కు ఇది తేలిక కాదు. అలవాటైన క్లిక్ సమంగా ఉంటుంది, ఇది ఊపిరి తీసుకుంటుంది. దానికి మందు ఒకటే: చెవుల్లో క్లిక్ బాగా తగ్గించి, వాడి గిటార్‌ని పెంచి, దానితోపాటు వాయించడం.

76 బీట్ల దగ్గర 4/4 లో ఒక బార్ 3.16 సెకన్లు. ఇంట్రో 8 బార్లు, మొదటి చరణం 16, కోరస్ 8, రెండో చరణం 16, కోరస్ 8, సోలో 16, చివరి కోరస్ 8, ముగింపు 8. మొత్తం 88 బార్లు, దాదాపు 4 నిమిషాల 38 సెకన్లు. స్మృతి పాటలు ఆరేడు నిమిషాలకు పెరిగిపోతుంటాయి, ఏదీ తీసేయడానికి మనసొప్పదు కాబట్టి. ముందే బార్లు లెక్కపెట్టి గోడకు అంటించుకుంటే ఆ గుంజాటన ఉండదు.

స్వరాల సంగతి. రిఫ్‌లో ఉన్నవి డి, ఎఫ్, జి, ఏ, సి. రాక్‌వాళ్లు దీన్ని డి మైనర్ పెంటాటోనిక్ అంటారు. డి ని షడ్జమం అనుకుంటే ఇది శుద్ధ ధన్యాసి: స గ మ ప ని. తిరుపతిలో పెరిగినవాళ్ల చెవికి ఈ స్వరాలు ఎప్పుడూ పరాయివి కావు, అందుకే ఇక్కడ ఎవరు గిటార్ పట్టినా వేళ్లు ముందు అక్కడికే వెళ్తాయి. కార్డ్‌లు డి5, ఎఫ్5, సి5, జి5, అన్నీ పవర్ కార్డ్‌లు. పవర్ కార్డ్‌లో స, ప మాత్రమే ఉంటాయి, గాంధారం ఉండదు. డిస్టార్షన్ గట్టిగా ఉన్నప్పుడు గాంధారం కలిపితే స్వరాలు ఒకదానితో ఒకటి గుణించుకుని గరగరమంటాయి, అందుకే రాక్‌లో తీసేస్తారు. మాకు దానివల్ల ఇంకో మేలు జరిగింది. గాంధారం లేని కార్డ్ ఏడుపూ కాదు, సంతోషమూ కాదు. మాట ఏం చెబితే అటు మొగ్గుతుంది.

కోరస్‌కు బి ఫ్లాట్5, ఎఫ్5, సి5, డి5 వాడాం. బి ఫ్లాట్ వచ్చేసరికి పెంటాటోనిక్ దాటి నటభైరవిలోకి వెళ్తాం, పాట ఒక్కసారిగా విశాలమవుతుంది. సోలోకు శివరంజని పట్టుకుందామన్న సూచన తప్పకుండా వస్తుంది. సినిమా విషాదానికి దశాబ్దాలుగా వాడిన రాగం అది. రెండు స్వరాలు వినగానే వినేవాళ్లకు వాళ్లు చూసిన సినిమా గుర్తొస్తుంది, మన స్నేహితుడు గుర్తురాడు. రిఫ్ ఏ స్వరాల్లో ఉందో సోలో కూడా అక్కడే ఉండటం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇక మాటలు. స్మృతి పాటల్లో నింగి, తార, కన్నీరు, శూన్యం, ఒంటరి, జ్ఞాపకాల వాన వచ్చి కూర్చుంటాయి. ఈ మాటలు ఎవరి మీద రాసినా సరిపోతాయి. వాటిని పక్కన పెట్టి, స్నేహితులందరం కూర్చుని వాడి గురించి వస్తువులు, అలవాట్లు మాత్రమే రాశాం, ఒక్క విశేషణం కూడా లేకుండా: గేటు దగ్గర బండి ఆపి, లోపలికి రాకుండా కేకవేయడం. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ. అలిపిరి మెట్లెక్కేటప్పుడు చెప్పులు సంచిలో పెట్టుకోవడం. రేణిగుంటలో రైలు దిగి ఫోన్ చేయడం. "మచ్చా, యాడున్నావ్?" అని మొదలయ్యే మెసేజ్‌లు. ఇలా ఒక పేజీ నిండాక పాట అందులోనే కనిపించింది. కోరస్ ఇది:

గేటు ముందరే
బండి ఆపినా
కేక వెయ్యవా
ఒక్కసారి రా

ఇందులో మాత్రల లెక్క ఉంది. లఘువుకు ఒకటి, గురువుకు రెండు వేసుకుంటే "గేటు" మూడు, "ముంద" మూడు, "రే" రెండు. మొత్తం ఎనిమిది, 3+3+2. "బండి, ఆపి, నా" అంతే. "కేక, వెయ్య, వా" అంతే. "ఒక్క, సారి, రా" అంతే. 4/4 బార్‌లో ఎనిమిది ఎయిత్ నోట్లు ఉంటాయి, ఒక్కో మాత్రకు ఒక్కటి. కిక్ డ్రమ్, పవర్ కార్డ్ రెండూ 1, 4, 7 నోట్ల మీద పడతాయి, స్నేర్ మామూలుగా 3, 7 మీదే ఉంటుంది. మాటలోని గురువు మీదే దెబ్బ పడుతుంది కాబట్టి గొంతు ఎంత అరిచినా మాట విరగదు. తెలుగు రాక్ పాటలు చాలావాటిలో మాట అర్థం కాకపోవడానికి కారణం ఇంగ్లీష్ పాట ట్యూను మీద మాటలు పేర్చడమే. అక్కడ బరువు లఘువు మీద పడి, అది సాగుతుంది. "పడిన" అన్నది "పాడిన" అని వినిపిస్తుంది.

పంక్తి చివరి అచ్చు కూడా చూసుకోవాలి. పై స్థాయిలో గొంతెత్తి పట్టి ఉంచాల్సిన చోట ఆ, ఏ, ఓ అచ్చులు నోరు తెరుచుకుని బాగా నిలుస్తాయి. ఈ, ఊ దగ్గర గొంతు బిగుసుకుని సన్నబడుతుంది. మా నాలుగు పంక్తుల చివర రే, నా, వా, రా ఉన్నాయి. ఒత్తు అక్షరాలు కూడా మేలు చేస్తాయి: "వెయ్య", "ఒక్క"లోని ఒత్తులు గిటార్ల హోరును చీల్చుకుని వినిపిస్తాయి.

సాహిత్యం కుదిరిన రోజే వాళ్లింటికి తీసుకెళ్లి చదివి వినిపించాలి. రికార్డింగ్ అయ్యాక కాదు. అప్పటికే డబ్బు, శ్రమ పెట్టి ఉంటాం, వాళ్లు వద్దనలేక ఒప్పుకుంటారు. ఏదైనా ఒక పంక్తి వాళ్లను బాధపెడితే అక్కడికక్కడే కొట్టేయాలి. ఎలా పోయాడన్నది పాటలో ఒక్క మాట కూడా ఉండకూడదని మేము ముందే అనుకున్నాం. ఏడాది తిరగకముందు విడుదల చేయొద్దని కొన్ని ఇళ్లలో అంటారు, సంవత్సరీకం అయ్యేవరకు ఆగితే పాటకు వచ్చే నష్టమేమీ లేదు.

పలక గురించి కాస్త వివరంగా చెప్పాలి. మిగతా ప్రాంతాల్లో డప్పు అనేదాన్ని మా వైపు పలక అంటారు. చివరి కోరస్‌లో 3+3+2 నడకకు అది సరిగ్గా అతుకుతుంది. పలకల వాళ్లకు పెళ్లికి, జాతరకు, చావుకు వేర్వేరు దెబ్బలుంటాయి. చావు దెబ్బ ఇందులో పెట్టొద్దు. ఇంట్లోవాళ్లు ఆ దెబ్బ ఒకసారి విని ఉన్నారు, మళ్లీ వినిపించే హక్కు మనకు లేదు. మేము జాతర దెబ్బ అడిగాం. వాళ్లకు 3+3+2 అని అంకెలతో చెప్పాల్సిన పని లేదు, కోరస్ ఒకసారి పాడి వినిపిస్తే చాలు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో మాత్రం ఎవరూ దొరకరు. డబ్బు విషయంలో ఒక మాట: స్టూడియో వాయిద్యకారుడికి గంటకు ఎంతిస్తామో పలక కళాకారుడికీ అంతే ఇవ్వాలి, పాట వివరాల్లో పేరు వేయాలి. "ఏదో ఇద్దాంలే" అన్న తీరు ఇక్కడ పనికిరాదు.

తోలు బిగువు కోసం పలకను మంట దగ్గర కాస్తారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గాలిలో తేమ వల్ల కాచిన పలక పావుగంటలోనే వదులై మోత దిగిపోతుంది. కాబట్టి మైకు, లెవెల్ అన్నీ వేరే పలకతో సరిచూసుకుని, కాచిన పలక రాగానే రికార్డు నొక్కాలి. మంట బయట ఉండాలి, గదిలోకి పొగ రాకూడదు. మైకు రెండడుగుల దూరంలో, తోలుకు నేరుగా కాకుండా కాస్త ఏటవాలుగా పెట్టాలి. దెబ్బ మొదటి క్షణం చాలా పదునుగా ఉంటుంది, మీటరు చూపించేదానికంటే ఎక్కువే. శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా ఉంచితే పగలదు.

గది విషయంలో కోడిగుడ్ల ట్రేలు గోడకు అంటించడం శుద్ధ దండగ. అవి కింది స్థాయి బరువైన మోతను ఏమీ చేయలేవు. కొబ్బరి పీచు పరుపులు, దూది పరుపులు మూలల్లో నిలబెట్టి, పాడేవాళ్ల వెనక మందంగా బొంతలు వేలాడదీస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఆటోలు, వాహనాల హారన్లు తగ్గేది రాత్రి పదకొండు తర్వాతే. ధనుర్మాసంలో తెల్లవారుజామున మైకుల్లో పాశురాలు మొదలవుతాయి, అంతకుముందే ముగించాలి. ఎండాకాలంలో ఫ్యాన్ ఆపి రికార్డు చేస్తుంటే గది వేడెక్కి గిటార్ శ్రుతి దిగుతుంది. ప్రతి టేక్ ముందూ ట్యూనర్ చూడాల్సిందే.

కరెంటు హోరు గిటార్ వాళ్లందరికీ తెలిసిన బాధ. మన దగ్గర 50 హెర్ట్జ్ సరఫరా కాబట్టి హోరు 50, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే అది ఇంకా పెరుగుతుంది. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూస్తే రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి, ఎక్కువుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే హోరు పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది ప్రాణం మీదికి తెచ్చే పని, ఎప్పుడూ చేయొద్దు. లాప్‌టాప్‌ని ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపాలి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే రికార్డింగ్ ఆపేయాలి, ఆ జుయ్‌మన్న చప్పుడు తర్వాత తీయలేం.

వాడి బేస్ గిటార్‌నే ఈ పాటకు వాడాం. నెలల తరబడి కవర్‌లో పడి ఉన్న వాయిద్యాన్ని తీసేటప్పుడు ముందు బ్యాటరీ పెట్టె తెరవాలి. యాక్టివ్ బేస్‌లలో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది కారి లోపలి తీగల్ని తినేస్తుంది. తర్వాత మెడ వంపు. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగల్ని నొక్కిపెట్టే క్లిప్) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద సందు చూడాలి. 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చాలు. ఎక్కువుంటే మెడ లోపలి ఇనుప కడ్డీని (ట్రస్ రాడ్‌ని) పావు చుట్టు మాత్రమే తిప్పి, ఒక రాత్రి ఆగి మళ్లీ చూడాలి. ఒకేసారి బిగిస్తే రాడ్ విరగొచ్చు. తీగలు మార్చాలా అన్నది పెద్ద ప్రశ్న. అవి వాడు వేసిన తీగలు. పాత తీగలకు మెరుపు పోయి మందంగా మోగుతాయి. డిస్టార్షన్ గిటార్ల కింద ఆ మందమే బాగుంటుంది. 12వ ఫ్రెట్ దగ్గర తేడా ఐదు సెంట్ల లోపు ఉంటే వాటినే ఉంచమని చెబుతాను. తుడిచి పెట్టండి, మార్చకండి.

డ్రమ్స్‌కు నాలుగు మైకులు చాలు: కిక్, స్నేర్, పైన రెండు. పై మైకులు రెండూ స్నేర్ మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి, నూలుదారంతో కొలవాలి. 35 సెంటీమీటర్ల తేడా అంటే శబ్దం ఒక మిల్లీసెకను ఆలస్యం, స్నేర్ పలచబడిపోతుంది. రిథమ్ గిటార్‌ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వేయాలి. ఒకే టేక్‌ని కాపీ చేసి రెండు వైపులా వేస్తే మధ్యలోనే వినిపిస్తుంది, వెడల్పు రాదు. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) చెవికి సరిపోయిందనిపించిన చోటి నుంచి కాస్త తగ్గించాలి, రెండు టేక్‌లు కలిసేసరికి అది నిండుతుంది.

గొంతు రికార్డింగ్ అన్నిటికంటే కష్టం. దుఃఖం వచ్చినప్పుడు గొంతు కండరాలు బిగుస్తాయి, శ్వాస పైపైన ఆడుతుంది, పొడవాటి స్వరం మధ్యలోనే తెగుతుంది. వర్ధంతి రోజున, దానికి దగ్గరి రోజుల్లో పాడించొద్దు. ముందు చరణాలు, చివర్లో కోరస్ పెట్టుకోవాలి. గోరువెచ్చని నీళ్లు, మధ్యమధ్య విరామం. మూడు నాలుగు పూర్తి టేక్‌లు అయ్యాక ఆ రోజుకు ఆపేయాలి, తర్వాత వచ్చేవి గొంతు బొంగురుపోయినవే. మైకుకు జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్, శిఖరాలు మైనస్ 10 దగ్గర. గొంతు జీరపోయిన చోట పిచ్ కరెక్షన్ పెడితే యంత్రం మాట్లాడినట్టవుతుంది, ఆ పంక్తుల్ని వదిలేయాలి. "ఒక్కసారి రా" దగ్గర స్నేహితులందరినీ, పాడటం రానివాళ్లని కూడా, ఒకే మైకుకు ఐదడుగుల దూరంలో అర్ధచంద్రాకారంలో నిలబెట్టి అరిపించాం. శిక్షణ పొందిన కోరస్ కంటే ఈ అరుపే పాటకు కావలసింది.

మిక్సింగ్‌లో ఫోన్ రికార్డింగ్‌ని శుభ్రం చేయాలన్న తపన ఎక్కువవుతుంది. 120 హెర్ట్జ్ కింద కోసేసి, వాయించడం మొదలుకాకముందున్న అర సెకను ఫ్యాన్ మోతను నమూనాగా తీసుకుని, నాయిస్ రిడక్షన్ 6 డెసిబెల్స్‌కు మించకుండా పెట్టాం. 15, 20 పెడితే ఫ్యాన్ పోతుంది కానీ గిటార్ నీళ్ల అడుగు నుంచి వినిపిస్తుంది. హారన్ అలాగే ఉంచాం. మొదటి నాలుగు బార్లు ఫోన్ గిటార్ ఒక్కటే. ఐదో బార్‌లో వాడి బేస్ అందుకుంటుంది, తొమ్మిదో బార్‌లో మిగతా అందరం. అప్పుడు ఫోన్ ట్రాక్‌ని ఆపకూడదు. రిఫ్‌ని మళ్లీ మళ్లీ తిప్పుతూ పాట పొడవునా మధ్యలో ఉంచి, 800 నుంచి 1500 హెర్ట్జ్ దాకా ఎలక్ట్రిక్ గిటార్లలో రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే దానికి చోటు దొరుకుతుంది. ఇలా తిప్పేటప్పుడు క్లిక్ అప్పటికే 76 మీద స్థిరంగా ఉంటుంది కాబట్టి, బార్ల వారీగా ముక్కలు చేసి ఒక్కో ముక్క మొదటి దెబ్బను బార్ మొదటికి కలపాలి. ముక్క లోపలి నడకను ముట్టుకోకూడదు. సందుల్లో 10 మిల్లీసెకన్ల ఫేడ్ చాలు.

చివరి లెవెల్ దగ్గర పోటీ అక్కర్లేదు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) సర్దుతుంది, ఎంత గట్టిగా చేసి ఇచ్చినా తగ్గించే వినిపిస్తుంది. ట్రూ పీక్ (మోత అసలు శిఖరం) మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు. పలచటి ఇంట్రోకూ నిండు కోరస్‌కూ మధ్య తేడా చెరిగిపోకుండా లిమిటర్‌ని (శిఖరాల్ని నొక్కిపెట్టే సాధనాన్ని) వదులుగా ఉంచాలి.

హక్కుల సంగతి ముందే తేల్చుకోవాలి. రిఫ్ వాడిది, కాబట్టి సంగీతంలో వాడి వాటా ఇప్పుడు వారసులది. బతికుండగా బయటికి రాని సంగీతానికి మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మొదట విడుదలైన ఏడాది తర్వాతి సంవత్సరం మొదటి నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. తల్లిదండ్రుల నుంచో భార్య నుంచో రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. వాడి వాటా ఎంత, డబ్బు ఏ ఖాతాకు వెళ్లాలి, వాడి గొంతు గానీ ఫోటో గానీ వాడొచ్చా అన్న మూడూ అందులో ఉండాలి. వారసులెవరో చూపించడానికి తహసీల్దారు కార్యాలయం ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పనికొస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే ఫారం 14 నింపాలి: సంగీతానికి 500 రూపాయలు, సాహిత్యానికి 500, సౌండ్ రికార్డింగ్‌కు 2000. డైరీ నంబర్ వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. స్ట్రీమింగ్‌కు పంపేటప్పుడు స్వరకర్తల్లో వాడి పేరు మొదట రాయాలి, "స్మృత్యర్థం" అన్న చోట మాత్రమే కాదు. వాడు అక్కడ పని చేశాడు.

వేదిక మీద వాయించేటప్పుడు ఫోన్ రిఫ్‌ని లాప్‌టాప్ నుంచి ఒక ఛానల్‌లో బయటికి, క్లిక్‌ని ఇంకో ఛానల్‌లో డ్రమ్మర్ చెవికి పంపాలి. ఈ ఒక్క పాటకు గిటార్లు 435కు దించాలి కాబట్టి, ముందే దించిన విడి గిటార్లు స్టాండ్ మీద సిద్ధంగా ఉంచుకోవడం మేలు. జనం ముందు ట్యూన్ చేసుకుంటూ నిలబడితే పాట మొదలవకముందే చల్లారుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న నిబంధన 2000 నుంచి ఉంది, కార్యక్రమాలు ఎప్పుడూ ఆలస్యమవుతాయి, కాబట్టి దీన్ని చివరి పాటగా పెట్టుకోవద్దు. మధ్యలోకి తెచ్చుకోవాలి.

అన్నీ అయ్యాక ట్రాక్‌లను విడివిడిగా 24 బిట్ వేవ్ ఫైళ్లుగా తీసి, కార్డ్‌లు, మాటలు రాసిన కాగితంతో కలిపి ఒక ప్రతి వాళ్లింట్లో ఇవ్వాలి. వాళ్లకు వేవ్ ఫైళ్లతో పని ఉండదు, వాళ్లు వినేది టీవీలోనో కారులోనో. అందుకని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన చిన్న పెన్‌డ్రైవ్‌లో 320 కేబీపీఎస్ ఎంపీ3 ఒకటి, వాడి అసలు ఫోన్ రికార్డింగ్ ఎంపీ3 ఒకటి వేరే ఇవ్వాలి. వేరే ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌ను పాత కారు స్టీరియోలు చాలావరకు చదవవు. వాళ్లింట్లో ఉన్న టీవీకే పెట్టి, రెండు ఫైళ్లూ మోగుతున్నాయని చూసుకుని రావాలి.